ఆంగ్లమందలి ఎఫ్‌కారోచ్చారణము : శిక్షాశాస్త్ర దృష్టి

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున వేమూరు ఒక చిన్న స్టేషను. అచ్చట దిగు పల్లెజనము దానిని 'ప్లాట్‌పారము' అందురు. బజారులో 'కాపీ' త్రాగుదురు. మండల 'ఆపీసు'నకు పోయి 'పీజు' కట్టుదురు. ఆ ప్రాంతపు పిల్లలు పాఠశాలలో ఆంగ్లము చదువునపుడు 'పైన్' వేరు, 'ఫైన్' వేరు అని ఉపాధ్యాయుడు ఎన్నిమారులు చెప్పినను రెంటిని ఒక్కతీరుగనే పలుకుదురు. పట్టణము నుండి వచ్చిన విద్యార్థులు వారిని చూచి నవ్వుటయు కలదు.

ఆ నవ్వునకు ఆధారము లేదు. చిన్నయసూరి తెలుగునకు ముప్పదియారు వర్ణములను లెక్కించి, వర్గముల ద్వితీయ చతుర్థాక్షరములను సంస్కృతసమపదములతో వచ్చి చేరినవానిగా నిర్ణయించెను. అచ్చతెలుగు నోటికి మహాప్రాణమే పరాయిది. ఇక దంతోష్ఠ్యమైన ఊష్మము మాట చెప్పనేల? పారసీక పదములు వచ్చినపుడును ఇట్లే జరిగినది. 'తరఫు' తరపు అయినది, 'సిఫారసు' సిపారసు అయినది. కరణముల లెక్కలలో 'ఫసలి' అని వ్రాయబడినను రైతు నోట అది 'పసలి'యే. 'కాపీ' అనునది అజ్ఞానము కాదు. భాష తన వర్ణసమామ్నాయమును కాపాడుకొన్న రీతి అది. దానిని తప్పనక, మరియొక భాషకు మరియొక వర్ణము కావలెనని చెప్పినచో బాలునకు సిగ్గు కలుగదు.

నిజమునకు నవ్వినవారి దోషమే పెద్దది. వారు ఎఫ్‌కారమును నేర్చిరి, ఫకారమును పోగొట్టుకొనిరి. 'ఫలము', 'ఫణి', 'సఫలము', 'స్ఫటికము', 'ఫాల్గుణము' అను శబ్దములన్నింటను వారు పైపంటిని క్రిందిపెదవికి తాకించి ఊదుదురు. భాషాప్రవీణ తరగతులలో సైతము ఈ ఉచ్చారణము వినబడుచున్నది. బోధకుల నోట వినబడుట లేదని చెప్పుటకును వీలులేదు. లిపి ఇందుకు కొంత కారణము. 'ఫ' అను ఒక్క గుర్తు రెండు వర్ణములకు చెల్లుచుండగా, దినమునకు నూరుమారులు 'ఫోను' అనువాడు 'ఫలము'ను వేరుగా పలుకుట ఎట్లు?

ఈ రెంటి భేదమును మన వ్యాకరణ పరిభాషతోనే స్పష్టముగా చెప్పవచ్చును. ఫకారమునకు స్థానము ఓష్ఠము, ఆభ్యంతర ప్రయత్నము స్పృష్టము. పెదవులు రెండును పూర్తిగా కలిసి విడివడవలెను. బాహ్యప్రయత్నములలో అది శ్వాసము, అఘోషము, మహాప్రాణము. ఎఫ్‌కారమునకు స్థానము దంతోష్ఠము. అనగా వకారమునకు చెప్పబడిన స్థానము. ప్రయత్నము మాత్రము వకారమునకువలె ఈషత్స్పృష్టము కాదు. శ ష స లకు వలె ఊష్మప్రయత్నము. భట్టోజిదీక్షితులు ఊష్మములకు వివృతమని చెప్పగా వరదరాజు ఈషద్వివృతమనెను. ఇచ్చట బోధనకు వరదరాజు మాటయే అనుకూలము, ఏలయన గాలి పోవుటకు సన్నని సందు మాత్రమే ఉండవలెను. కనుక ఎఫ్‌కారము ఫకారమునకు దగ్గరి చుట్టము కాదు. స్థానమున వకారమునకును, ప్రయత్నమున సకారమునకును అది బంధువు. ఫకారముతో దానికి కలిసినవి బాహ్యప్రయత్నములు మాత్రమే.

ఉపధ్మానీయమే ఎఫ్‌కారమని కొందరు పండితుల అభిప్రాయము. ప ఫ లకు ముందు విసర్గ స్థానమున వచ్చు ఆ వర్ణము వేదపాఠకుల నోట వినువారికి ఎఫ్‌కారము వలె తోచుట నిజమే. కాని శాస్త్రము ఉపధ్మానీయమునకు ఓష్ఠములనే స్థానముగా చెప్పినది, దంతములను చేర్చలేదు. దీపమును ఆర్పుటకు ఊదినట్లు రెండు పెదవుల నడుమ నుండి వెడలు గాలి అది. ఆ మార్గమున నేర్పినచో విద్యార్థి ఊదుట నేర్చును గాని పన్ను పెదవి కలియవు. శాస్త్రపరిచయము గల విద్యార్థికి ఉపధ్మానీయమును పోలికగా చూపుట మంచిదే; ప్రాథమిక బోధనకు అది తగదు.

వకారము నుండి ప్రారంభించుట సుకరము. విద్యార్థి కంఠముపై చేయి ఉంచుకొని వకారమును అచ్చు లేకుండ సాగదీయవలెను; కంఠమున కంపము తెలియును. పెదవిని కదల్పక ఆ నాదమును ఆపి శ్వాసను మాత్రము విడువుమని చెప్పవలెను. అప్పటికిని పెదవి వదులుగా ఉండినచో 'స్' అని దీర్ఘముగా పలికించి, ఆ గాలినే క్రిందిపెదవి మీదికి తెమ్మనవలెను. పన్ను పెదవిని ఎంత తాకవలెను? పాణినీయశిక్షలో వర్ణప్రయోగమునకు ఆడుపులిని ఉపమానము చేసిరి. అది పిల్లలను కోరలతో పట్టి తీసికొనిపోవునపుడు జారనీయదు, గాటు పడనీయదు. సకల వర్ణములకు చెప్పబడిన ఆ పోలిక ఈ ఒక్క వర్ణమునకు అక్షరాలా సరిపోవుట విశేషము.

పదాదియందు కాక పదాంతమున మొదలుపెట్టుట మరియొక మెలకువ. 'ఫైన్' అనగానే అలవాటు చొప్పున పెదవులు మూతపడును. 'లీఫ్' అనునపుడు అట్లు కాదు. అచ్చు పలుకుచు నోరు తెరచియే ఉండును, పన్నును మెల్లగా పెదవిపై దించవచ్చును. అయితే మన పదములు అజంతములు గనుక 'లీఫు' అని ఉకారము చేర్చుదురు. దానిని ఆపుటకై కొసవర్ణమును ఊపిరి ఉన్నంతసేపు సాగదీయించవలెను. 'లీప్' అనుదానిని అట్లు సాగదీయుట అసాధ్యము. స్పర్శమునకు ఊష్మమునకు గల ఈ భేదము విద్యార్థికి ఒక్కమారు అనుభవమునకు వచ్చినచో, పిమ్మట 'పుల్–ఫుల్', 'ప్యాన్–ఫ్యాన్' వంటి జంటలకు ఎక్కువ శ్రమ పట్టదు. చిన్న అద్దమొకటి చేతికిచ్చిన చాలును.

ఇంతటితో పాఠమును ముగించిన సంస్కృతమునకు హాని. మరునాడే ఫకారమును నేర్పవలెను. సన్నని కాగితపు ముక్కను నోటి ఎదుట పట్టి 'ఫలము' అనిన అది ఒక్కమారు ఎగిరిపడవలెను. ఎఫ్‌కారమునకైనచో గాలి వెడలునంతసేపు వణకుచుండును. 'ఫాల్గుణము, ఫాదర్, ఫణి, ఫోను' అని ఒకటి విడిచి ఒకటి పలికించి, పెదవులు కలియునది ఏది, పన్ను తాకునది ఏది అని విద్యార్థిచేతనే చెప్పించవలెను.

గుర్తు వేరైనచో పని తేలిక అగునని చెప్పువారి మాట త్రోసివేయదగినది కాదు. హిందీవారు అక్షరము క్రింద చుక్క పెట్టుదురు; తమిళులు పకారమునకు ముందు ఆయ్తము వ్రాయుదురు. తెలుగునకును అట్టి చుక్క యూనికోడులో 2021లో చేరినది గాని మన వాచకములలో వాడుకకు రాలేదు. ధ్వని కొరకు గుర్తును మార్చుకొనుట ఈ సీమకు క్రొత్త కాదు. వేమూరునకు పొరుగున ఉన్న భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతుకరండముల ప్రాకృత శాసనములలో ఘకారము గకారమునకు గీత చేర్చి కల్పింపబడినది. వేమూరు, భట్టిప్రోలు రెండును 2022 నుండి బాపట్ల జిల్లాలోనివి.

ఆంగ్లలేఖనము పెట్టు చిక్కు వేరు. 'ఫోటో'లో పి-హెచ్‌లు, 'లాఫ్'లో జి-హెచ్‌లు ఎఫ్‌కారముగా పలుకును. ఎఫ్ అక్షరమే వ్రాయబడిన షష్ఠ్యర్థక పదమున మాత్రము అది ఘోషమై 'ఆవ్' అని వినబడును. మన విద్యార్థులు ఇచ్చటను 'ఆఫ్' అనియే పలుకుదురు. కంఠముపై చేయి ఉంచు అభ్యాసమును మొదట చేసినవానికి దీనిని సవరించుట క్షణము పని.