సెలవులలో కోరంటి తొట్టి

మా అడిక్‌మెట్‌కు చేరువనే నల్లకుంటలో అంటువ్యాధుల చికిత్సాలయ మొకటి కలదు. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టియున్నారు. ఆ మహనీయుడు 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో, దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. అయినను మన పేటలలోని వృద్ధుల నడిగినచో ఆ పేరు చెప్పరు. "కోరంటి దవాఖాన" అనియే చెప్పుదురు. విద్యార్థులారా! ఈ కోరంటి యను మాట యెక్కడిదో యెరుగుదురా? ఆంగ్లమున క్వారంటైన్ అను పదమే మన జనుల నోట కోరంటి యైనది. ఇటలీ భాషలో నలువదికి గల పేరు దానికి మూలము. 1377వ సంవత్సరమున ఏడ్రియాటిక్ సముద్రతీరమందలి రగూసా పట్టణమువారు, మహామారి గల దేశముల నుండి వచ్చువారిని ముప్పది దినములు ఊరి వెలుపల నుంచవలెనని శాసించిరి. పిదప ఆ గడువు నలువది దినము లయ్యెను.

మనుష్యులకు విధించిన యీ నియమమే చేపలకును వర్తించును. క్రొత్తగా తెచ్చిన చేపలను పాత చేపలతో కలుపక కొన్ని వారములు వేరుగా నుంచు తొట్టికి మేము కోరంటి తొట్టి యని పేరు పెట్టుకొంటిమి. దానిని నడుపు విధమును, మనము ఊర లేనపుడు దానికి కలుగు చిక్కులను, మా యనుభవమునుబట్టి యిచ్చట వ్రాయుచున్నాము.

కోరంటి యెందుకు?

అంగడిలో చూచినపుడు చేప నిగనిగలాడుచుండును. అంతమాత్రమున అది యారోగ్యముగా నున్నదని నమ్మరాదు. తెల్లచుక్కల వ్యాధి నుదాహరణముగా గైకొందము. ఇక్తియోఫ్తిరియస్ అను ఏకకణజీవి చేప చర్మము క్రిందను, మొప్పలలోను చేరి, దాని శరీరమును తిని పెరుగును. మనకు గనబడు ఉప్పుగల్లు వంటి చుక్క అదియే. పెరిగిన పిదప చేపను విడిచి తొట్టి యడుగున బడి, చుట్టును పొర గట్టుకొని, లోపల వందలకొలది పిల్లలుగా విభజింపబడును. ఆ పిల్లలు నీట నీదుచు మరియొక చేపను వెదకును. ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో నశించును. మన వేసవి వేడిమిలో ఈ చక్రమంతయు వారము లోపలనే ముగియును. చల్లని నీటిలో వారములు పట్టును.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. మందు పనిచేయునది నీట నీదు దశ యందే. చర్మము క్రింద దాగినపుడును, పొరలో నున్నపుడును మందు దానిని తాకజాలదు. కావుననే చుక్కలు మాయమైన నాడే చికిత్స మానరాదు. క్రొత్త చేపలను నాలుగు వారములైనను వేరుగా నుంచుటయు అందులకే.

ఈ నియమమును మీరిన ఫలము మన దేశము కన్నులార చూచినది. అఫనోమైసిస్ ఇన్వేడాన్స్ అను శిలీంధ్రమువంటి జీవి వలన కలుగు పుండ్ల వ్యాధి 1988లో ఈశాన్య భారతమున కనబడి, కొలది యేండ్లలోనే దేశమందలి చెరువులకు ప్రాకినది. మన కొరమీను దానికి మిక్కిలి లోబడునట్టిది. ఆ చేపలు ఒడలెల్ల పుండ్లతో నీటిపై తేలుచుండగా కొనువారు లేక బెస్తలు పడిన బాధ యింతింతనరాదు. 2009 నుండి విదేశపు వెన్నామి తల్లి రొయ్యలను మన దేశమునకు దెచ్చునపుడు, ముందుగా చెన్నై చెంత నీలాంకరైలోని కోరంటి కేంద్రమున నుంచి పరీక్షించిన పిదపనే హేచరీలకు పంపుచున్నారు. ఇంటిలోని చిన్న తొట్టికిని, సముద్రము దాటి వచ్చు రొయ్యకును నీతి యొక్కటియే.

మా పొరపాటు

ఇక మా కథ చెప్పెదము. ఒక దసరా సెలవులకు పండ్రెండు దినములు ఊరికి బోవలసి వచ్చెను. ప్రయాణమునకు ఆరు దినములు ముందుగా మేము ఆరు గప్పి చేపలను కొని తెచ్చి కోరంటి తొట్టిలో విడిచితిమి. ఇది మా మొదటి తప్పు. బయలుదేరు నాడు పొరుగింటి బాలుని, తొమ్మిదవ తరగతివానిని, పిలిచి తాళపుచెవి చేతికిచ్చి, "నాయనా! దినమున కొకసారి కొంచెము మేత వేయుము" అని చెప్పి రైలెక్కితిమి. ఇది రెండవ తప్పు. "కొంచెము" అనునది కొలత కాదు. గణితము చెప్పుచు, సేరునకు గిద్దెలెన్ని యని పిల్లల నడుగు మేము, ఆ దినమున కొలత మరచితిమి.

బాలుడు దయగలవాడు. తాను గదిలోనికి బోగానే చేపలన్నియు అద్దము కడకు వచ్చి నోరు తెరచుచుండుట చూచి, ఆకలిగొన్నవని తలచి, మూడు పూటలు చిటికెడు చిటికెడు వేసెను. తినగా మిగిలిన మేత క్రుళ్లి అమ్మోనియా పుట్టెను. పాత తొట్టిలో నైనచో ఫిల్టరు నాశ్రయించిన సూక్ష్మజీవులు ఆ యమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చును. క్రొత్తగా నిలిపిన తొట్టిలో ఆ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు వారములు పట్టును. నీరు పాలవలె మసకబారెను. నాలుగవ దినమున రెండు చేపలు చచ్చెను. బాలుడు భయపడి వానిని వలతో తీసివేసి, అదే వలను పెద్ద తొట్టిలో రాలిన ఆకులు తీయుటకు వాడెను. మేము వచ్చునప్పటికి కోరంటి తొట్టి శూన్యము. పెద్ద తొట్టిలోని చేపలపై తెల్లచుక్కలు.

చేపలు పోయినందుకన్న మరియొకటి మమ్ము బాధించినది. ఆ బాలుడు పదునైదు దినములు మా వీధిన నడువక చుట్టు త్రోవను బడికి బోయెను. తానే చంపితినని వాడు తలచెను. మేము వాని యింటికి బోయి, వాని తల్లి యెదుట, "తప్పు నీది గాదు నాయనా, మాది. చెప్పవలసినది చెప్పక పోతిమి" అని పలుకువరకు వాడు తల యెత్తలేదు.

దిద్దుబాటు

మరుసటి వేసవిలో మరల పది దినముల ప్రయాణము వచ్చెను. ఈసారి క్రొత్త చేపలను కొనలేదు. గాని బదిలీయై పోవుచున్న బంధు వొకడు తన ఆరు మోలీ చేపలను మాకు వదలిపోయెను. కాదన జాలకపోతిమి. ప్రయాణము నాటికి అవి కోరంటిలో పదునారు దినములు గడిపియుండెను. మేము ఆ బాలునే మరల పిలిచితిమి. వాడు జంకెను. "మాస్టరుగారూ, ఈసారి అన్నియు వ్రాసి యిచ్చెదరా?" అని మాత్ర మడిగెను. ఆ ప్రశ్నయే మాకు పాఠ మయ్యెను. అప్పుడు మేము చేసిన యేర్పాటు లివి.

మొదటిది, మేత. ఆరోగ్యముగల యెదిగిన చేపలు నాలుగైదు దినములు మేత లేకున్నను చెడవు. అధికమైన మేతవలననే చెడును. దినము విడిచి దినము వేయునట్లు ఐదు కాగితపు పొట్లములు గట్టి, ఒక్కొక్కదానిపై తేదీ వ్రాసితిమి. మిగిలిన డబ్బాను బీరువాలో బెట్టి తాళము వేసితిమి.

రెండవది, ఫిల్టరు. పెద్ద తొట్టిలో నెలరోజులు నడిచిన స్పాంజి ఫిల్టరును, చేపలు వచ్చిన నాడే, కోరంటి తొట్టికి మార్చియుంటిమి. సూక్ష్మజీవులు దానితో గూడ వచ్చినవి. ఒకమారు కోరంటి తొట్టిలో బెట్టిన ఫిల్టరు మరల పెద్ద తొట్టికి పోరాదు.

మూడవది, గాలి. 25 డిగ్రీల వెచ్చన గల లీటరు మంచినీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజను కరగును. 30 డిగ్రీలలో 7.6; 35 డిగ్రీలలో 7 మాత్రమే. వేసవిలో చేపకు కావలసిన గాలి పెరుగును, నీటిలోని గాలి తరుగును. కరెంటు పోయినను ఆగకుండునట్లు బ్యాటరీతో నడచు ఎయిర్ పంపు నొకదానిని తగిలించితిమి. తొట్టిని కిటికీ యెండ తగులని మూలకు జరిపితిమి.

నాలుగవది, నీరు. కుళాయి నీటిలోని క్లోరిను చేపల మొప్పలను కాల్చును. మన ప్రయోగశాలలో హైపో యని పిలుచు సోడియం థయోసల్ఫేటు దానిని విరుచును. పది లీటర్ల బకెట్టున కెన్ని చుక్కలు వేయవలెనో ఆ సీసాపైననే వ్రాసితిమి.

ఐదవది, వరుస. ముందు పెద్ద తొట్టి పని, పిదప కోరంటి తొట్టి పని. తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనుట. కోరంటి వలకు, బకెట్టునకు ఎఱ్ఱదారము గట్టితిమి. ఎఱ్ఱదారము గలది పెద్ద తొట్టిని తాకరాదు.

ఆరవది, పుస్తకము. ప్రతిదినమును నాలుగు మాటలు వ్రాయవలెను: చేపల లెక్క, నీటి వెచ్చదనము, మేత తిన్నవా లేదా, ఏమైనను వింత కనబడినదా.

ఉప్పు లెక్క

ఐదవ దినమున బాలుడు మాకు ఫోను చేసెను. ఒక చేప గొట్టపు ముక్కకు ఒడలు రాచుకొనుచున్నదనియు, తోకపై మూడు చుక్కలు లెక్కించితిననియు చెప్పెను. మోలీ చేపలు ఉప్పును బాగుగా సహించును గనుక, ఇట్టి అవసరమునకై లీటరునకు రెండు గ్రాముల చొప్పున అయొడిను లేని ఉప్పు ముందే తూచి యుంచితిమి. ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా చేసి చూడవలెను. తొట్టి పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, నీటి లోతు 22. గుణించిన 39,600 ఘన సెంటీమీటర్లు, అనగా సుమారు 40 లీటర్లు. కావలసిన ఉప్పు 80 గ్రాములు. దానిని రెండు భాగములు చేసి, నీటిలో కరగించి, పగలొక భాగము, రాత్రి యొక భాగము పోయించితిమి.

పిదప పది లీటర్లు తీసి పది లీటర్లు పోయునపుడు, క్రొత్త నీటిలో 20 గ్రాముల ఉప్పు కలుపవలెను. కలుపనిచో లీటరునకు ఒకటిన్నర గ్రామే మిగులును. కాని ఎండకు నీరు ఇగిరి తగ్గినపుడు ఉత్తనీరే పోయవలెను. ఏలయన నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. అప్పుడును ఉప్పు చేర్చినచో నానాటికి నీరు చిక్కనై చేపలకు ముప్పు కలుగును. బాలుడు ఈ భేదమును మేము ఫోనులో చెప్పకమునుపే తానే చెప్పెను.

మేము తిరిగి వచ్చునప్పటికి ఒక చేప పోయెను, ఐదు మిగిలెను. పెద్ద తొట్టిలో ఒక్క చుక్కయు లేదు. పుస్తకము తెరచి చూచితిమి. ఎనిమిదవ దినపు పుటలో, "లెక్క ఐదు. ఒకటి ఉదయమున చనిపోయినది. ఎఱ్ఱదారపు వలతోనే తీసితిని. చేతులు కడుగుకొంటిని" అని వ్రాసియుండెను. ఆ పుటలో దాచుట లేదు, భయము లేదు. చివరి చుక్క మాయమైన నాటి నుండి మరల నాలుగు వారములు లెక్కించి, అటుపిమ్మటనే ఆ యైదింటిని పెద్ద తొట్టిలో విడిచితిమి. విడిచినవాడు ఆ బాలుడే.

తలిదండ్రులకును విద్యార్థులకును మా మనవి యిది. సెలవులకు నెల ముందు క్రొత్త చేపలను కొనకుడు. మందు వేయుచుండగా, విధిలేక తప్ప, ఊరు విడువకుడు. విడువవలసివచ్చినచో, కాపుండువానికి తాళపుచెవితో పాటు కొలతలను, వరుసను, వ్రాతపుస్తకమును గూడ నిండు. దయ యెల్లవారికిని కలదు. దయకు కొలత చెప్పవలసిన భారము మాత్రము అప్పగించువానిదే. మా పొరుగింటి బాలుడు ఇప్పుడు మా వీధిననే బడికి బోవుచున్నాడు.