మోకాటి గుజ్జు మళ్లీ పెరుగుతుందా?

మా బద్వేలు పక్క మోకాళ్లనొప్పి అంటే ‘గుజ్జు అరిగింది’ అంటారు. నిజానికది గుజ్జు కాదు. ఎముక చివర్ల మీదుండే కొన్ని మిల్లీమీటర్ల నున్నటి పొర, మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు. అందుకే చర్మంలాగా గాయం మానదు.

అయితే ఆ పొర పైభాగంలోనే మూలకణాల్లాంటి కణాలున్నాయని 2004లో కార్డిఫ్ పరిశోధకులు చూపించారు. ఉండి కూడా అరుగుదలను ఎందుకు పూడ్చలేవు? చిక్కంతా ఇక్కడే. ఎముకకు సన్నటి రంధ్రాలు పొడిచి లోపలి మూలకణాలను లేపే మైక్రోఫ్రాక్చర్ ఆపరేషన్ ఉంది. వచ్చేది మాత్రం ఎక్కువగా నారపొర, సిమెంటు రోడ్డు గుంతలో మట్టి పోసినట్టు. 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఎలుకల్లో ఆ రంధ్రాలతోపాటు బీఎంపీ2 ప్రోటీన్ ఇచ్చి, వీఈజీఎఫ్ సంకేతాన్ని అడ్డుకున్నారు. అప్పుడు అసలు మృదులాస్థే పెరిగింది. అంటే కణాలున్నాయి, వాటికి అందే ఆదేశమే సరిగా లేదు. కోడ్ రాసే మనకిది కొత్తేం కాదు!

కానీ అది ఎలుకల్లో. ఇక్కడ మా అవ్వేమో, “గుజ్జు మళ్లా పెరిగే సూది ఉందంట, శెనిగచేను అమ్మేద్దామా అబ్బీ?” అంటోంది. దాతల ఎముక మజ్జ కణాలతో బెంగళూరు సంస్థ చేసిన ఒక మందుకు మన దేశంలో 2022లో అనుమతి వచ్చిన మాట నిజమే. ఆ అనుమతి ఆ మందుకే గానీ, ‘స్టెమ్ సెల్’ అని బోర్డు పెట్టిన ప్రతి సూదికీ కాదు. “చేను జోలికి పోవద్దవ్వా, ముందు ఆ సూది పేరేందో కాగితం మీద రాసియ్యమను” అన్నాను.