పదునాఱవ యేటి మైత్రి

చాణక్యుని పేర ప్రచారమందున్న నీతిశ్లోకమొకటి పుత్రుని అయిదేండ్లు లాలింపవలెననియు, పదేండ్లు దండింపవలెననియు, పదునాఱవ యేట మిత్రునివలె చూడవలెననియు విధించుచున్నది. లోకము దండనమునే తఱచుగా ఉదాహరించును. శ్లోకమునందలి సారము మాత్రము తుది విధియందున్నది. మిత్రుడనగా మన మాట వినువాడు మాత్రమే కాడు. ఎవని మాట మనమును విందుమో వాడు. ఈ అనుభవము ఇంట లభింపని బాలుడు దానిని వెలుపల వెదకును.

ఈ విషయమును 1993లో ఫులిగ్ని, ఎకిల్స్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనము సమర్థించుచున్నది. వారు ఆఱు, ఏడు తరగతుల విద్యార్థులను పరిశీలించిరి. తల్లిదండ్రులు పట్టు సడలింపలేదనియు, నిర్ణయములందు తమకు పాలు లేదనియు తలచినవారు, మిత్రుల మెప్పునకై చదువును, ఇంటి కట్టుబాట్లను సైతము వదలుకొనుటకు ఇతరులకంటె ఎక్కువగా సిద్ధపడిరి. పెంపకమొక్కటియే దీనికి కారణమని చెప్పరాదు. కాని ఆ రెంటికిని గల సంబంధము ఉపేక్షింపదగినది కాదు.

కావున శ్లోకమునందలి సూత్రము గ్రాహ్యము, గడువు విచార్యము. పండ్రెండవ యేటికే మైత్రి ఆవశ్యకము కాగా, శ్లోకము అప్పటికిని దండనమునే విధించుచున్నది. కూతురి ప్రసక్తియే లేదు. నీతిశ్లోకములను బోధించునపుడు ఈ రెండు కొఱతలను వ్యాఖ్యానమున పూరించుట అధ్యాపకుల విధి.