మూసిన కారులో మూగజీవి

ఎండలో ఆపిన కారు. అద్దాలు మూసి ఉన్నాయి. లోపల కుక్క రొప్పుతోంది. యజమాని ఎక్కడో బజారులో ఉన్నాడు. ఇలాంటప్పుడు విశ్వాసి బాధ్యత ఏమిటి?

'కుక్కే కదా, మనకెందుకు' అనుకోవడం తగదు. దాహంతో అల్లాడుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తోలు మేజోడులో నీళ్లు తెచ్చి తాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) తెలిపారు. పిల్లిని బంధించి, ఆకలితో చావనిచ్చిన స్త్రీ నరకం పాలైందనీ హెచ్చరించారు. ఈ రెండు హదీసులూ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి. కుక్క ముట్టిన పాత్రను శుద్ధి చేసుకునే నియమం వేరు, దాని ప్రాణంపై దయ వేరు.

2005లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఎండలో ఆపిన కారులో వేడి గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే! అద్దం కాస్త దించినా పెద్దగా ప్రయోజనం కనబడలేదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పడమే దానికి ఆధారం.

చెడును చేతితో ఆపాలి, చేతకాకపోతే నోటితో వారించాలి, అదీ కాకపోతే మనసులోనైనా అసహ్యించుకోవాలి అన్నది ప్రవక్త (స) బోధన. కాబట్టి యజమానిని వెంటనే వెదికి పిలిపించండి. దొరకకపోతే పోలీసులకు తెలపండి. జంతువులను ఇలా బాధించడం మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

అతను వచ్చాక దూషించకండి, నలుగురిలో అవమానించకండి. ఫిరౌను అంతటి దుర్మార్గునితో సయితం మృదువుగా మాట్లాడమని మూసా (అ), హారూన్ (అ)లను అల్లాహ్ ఆదేశించాడు (తాహా: 44). "అన్నా, లోపల ఉడికిపోతోంది. ముందు నీడకు తెచ్చి నీళ్లు పట్టండి" అంటే చాలు. గద్దిస్తే అతను వాదనకు దిగుతాడు. ఆ కాసేపూ కుక్క కారులోనే ఉంటుంది.

మూగజీవుల పట్ల కరుణ చూపే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.