ఆదివారం: సైకిలు, టిఫిను, స్నేహితులు (ప్రశ్నలు - జవాబులు)

సెలవు రోజున స్నేహితులతో కలిసి సైకిల్ తొక్కి, కడుపునిండా తిని, తీరిగ్గా ఇల్లు చేరడం ఎలా అని ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం అమీర్‌పేట, పంజాగుట్ట వైపు నుంచే. కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటున్నాను. మా గ్యాంగులో ఇద్దరిది పంజాగుట్ట, ఒకడిది ఎస్.ఆర్.నగర్, ఒకమ్మాయి దిల్‌సుఖ్‌నగర్ నుంచి రావాలి. సైకిళ్ల మీద ఎటైనా వెళ్దామంటే మైత్రీవనం దగ్గర ట్రాఫిక్ చూసి గుండె జారిపోతోంది. ఏ దారిన వెళ్లాలి?
- ఒక విద్యార్థి, అమీర్‌పేట

జవాబు: మీ పేటలో సైకిల్‌కి దారి లేదు, వేళ మాత్రం ఉంది. ఆదివారం పొద్దున ఆరింటికి మైత్రీవనం ముందు నిలబడి చూడండి. కోచింగ్ సెంటర్ల షట్టర్లు దించి ఉంటాయి, టిఫిన్ బండి వాళ్లు అప్పుడే స్టవ్ వెలిగిస్తుంటారు. అదే చోట తొమ్మిదిన్నరకి బస్సులు, ఆటోలు, బైకుల మధ్య కాలు పెట్టడానికి సందుండదు. కాబట్టి ఆరుకల్లా బయల్దేరి, ఎనిమిదిన్నరకల్లా సైకిళ్లు స్టాండేయండి. తర్వాత రోజంతా మీదే.

దారి ఇది. మెట్రో పిల్లర్ల వెంట పంజాగుట్ట దాకా రండి. అక్కడ ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద నుంచే సోమాజిగూడ, రాజ్‌భవన్ రోడ్డు మీదుగా ఖైరతాబాద్ వంతెన దాటితే హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు చేరతారు. అక్కణ్నుంచి చెరువును ఎడమ చేతి వైపు ఉంచుకుని చుట్టండి: ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, ట్యాంక్‌బండ్, సంజీవయ్య పార్కు, నెక్లెస్ రోడ్డు. నీళ్లు ఎడమ పక్కన ఉంటే ఆ వైపు నుంచి వచ్చి కలిసే సందులు తక్కువ, అకస్మాత్తుగా బండి అడ్డం వచ్చే భయమూ తక్కువ. చుట్టు మొత్తం దాదాపు పది కిలోమీటర్లు. పోనూ రానూ కలిపితే ఇరవైకి అటూ ఇటూ.

చూడటానికీ కొదవలేదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560లలో తవ్వించిన చెరువు అది. మధ్యలో ఉన్న బుద్ధ విగ్రహం 1990లో తరలిస్తుండగా నీళ్లలో మునిగి, 1992లో పైకి వచ్చింది. ఎన్టీఆర్ మార్గ్ దగ్గర మీరు గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో తొక్కే రోడ్డు మీదే 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ కార్లు పోటీపడ్డాయి. ఆ పక్కనే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం. అదీ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆవిష్కరించిందే.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి అంత దూరం సైకిల్ తొక్కుకుంటూ రానక్కర్లేదు. రెడ్ లైన్ మెట్రోలో రైలు మారకుండా ఖైరతాబాద్ రావచ్చు. ఆదివారం మొదటి రైలు ఎన్నింటికో శనివారమే చూసుకోమనండి. ఆమెకు సైకిల్ మీరే సిద్ధం చేసి ఉంచండి.

ప్రశ్న: మా ఫ్రెండ్ ఒకడికి లక్ష రూపాయల గేరు సైకిలుంది. నాది అన్నయ్య కాలేజీ రోజుల్లో వాడింది. పోయినసారి వాడు ముందు దూసుకుపోయి, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి వాచీ చూసుకున్నాడు. మళ్లీ పిలిస్తే వెళ్లాలా?
- పంజాగుట్ట పాఠకుడు

జవాబు: వెళ్లండి, కానీ ఒక షరతు పెట్టండి. అందరిలోకీ నెమ్మదిగా తొక్కేవారు ముందుండాలి, బాగా తొక్కేవారు వెనకుండాలి. లక్ష రూపాయల సైకిల్‌కి నెమ్మదిగా నడవడం కూడా చేతనవుతుంది. వెనకున్నవాడు అందరినీ కనిపెట్టుకుని ఉంటే ఎవరికి చైను ఊడినా, ఎవరికి పంక్చరైనా వెంటనే తెలుస్తుంది. వాడికి వేగమే కావాలంటే శనివారం ఒంటరిగా తొక్కుకోమనండి.

ఇక అన్నయ్య సైకిల్ విషయం. ముందురోజు సాయంత్రం పంక్చర్ షాపుకి తీసుకెళ్లండి. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అంకె అచ్చు వేసి ఉంటుంది, దాన్ని మించనివ్వకండి. రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి. చైనుకు నూనె వేయించి, పైకి అంటుకున్నది గుడ్డతో తుడవండి. బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. తలకు హెల్మెట్ ఎవరూ అడగకపోయినా పెట్టుకోండి. సగం మొరాయింపులు ఈ చిన్న సేవతోనే పోతాయి.

ప్రశ్న: మాలో ఒకరు బిర్యానీ లేనిదే ఆదివారం కాదంటారు, ఒకరు శాకాహారి, ఒకరికి కార్తీక మాసమంతా ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. ఎక్కడ తినాలో తేల్చేసరికి మధ్యాహ్నమైపోతోంది.
- ఉద్యోగిని, సోమాజిగూడ

జవాబు: ఒక్క పూటకి అందరి కోరికలూ తీర్చాలని చూస్తున్నారు, చిక్కంతా అక్కడే. రోజును మూడు ముక్కలు చేయండి.

తొక్కే ముందు: ఒక అరటిపండు, మంచినీళ్లు. అంతకు మించి వద్దు.

తొక్కాక: టిఫిను. అమీర్‌పేట హాస్టళ్ల పుణ్యమా అని సందుకొక బండి. ఇడ్లీ, వడ, మైసూర్ బోండా, పెసరట్టు ఉప్మా, పల్లీ చట్నీ, అల్లం పచ్చడి, పైన కారప్పొడి. బండి దగ్గర గొడవే లేదు, ఎవరికి కావాల్సింది వాళ్లు తింటారు. ఏ చట్నీలో ఏముందో బండి యజమానిని అడిగితే చెబుతాడు, కార్తీక నియమం ఉన్నవారికి ఇడ్లీ, వెల్లుల్లి లేని పొడి, నెయ్యి చాలు. కూర్చుని తీరిగ్గా తినాలంటే స్టీమ్ దోసెకు పేరుపడ్డ చట్నీస్ లాంటి చోటు చూసుకోండి.

మధ్యాహ్నం: స్నానం చేసి, ఓ కునుకు తీసి, మళ్లీ కలవండి. అమీర్‌పేట కాకతీయ డీలక్స్ మెస్‌లో పప్పు, పచ్చళ్లు, పొడి, నెయ్యితో ఆంధ్రా భోజనం చేయడానికి ఊరి నలుమూలల నుంచీ వస్తారు. ఆదివారం రద్దీ ఎక్కువ, మరీ ఆలస్యం చేయకండి. బిర్యానీ ప్రియుల వంతు రాత్రికి. సాయంత్రం మాత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అందరికీ ఉమ్మడి ఆస్తి.

ఒక్క హెచ్చరిక. బిర్యానీ తిన్న వెంటనే సైకిలెక్కకండి. రెండు గంటలు ఆగండి. ఇంకో మాట, తొక్కినదానికీ తిన్నదానికీ చెల్లు అనుకోకండి. అరవై కిలోల మనిషి తీరిగ్గా గంటసేపు తొక్కితే ఖర్చయ్యేది సుమారు 240 కేలరీలు. నెయ్యి దోసె ఒక్కటి చాలు దాన్ని తిరిగి రాబట్టడానికి.

ప్రశ్న: నాకింకా ఉద్యోగం రాలేదు. మిగతావాళ్లు సంపాదిస్తున్నారు. వాళ్లు ఏవేవో ఆర్డర్ చేసి చివర్లో "సమానంగా వేసుకుందాం" అంటారు. కాదనలేను, కట్టలేను.
- బల్కంపేట పాఠకుడు

జవాబు: బిల్లు వచ్చాక నోరు విప్పితే పిసినారితనంలా కనిపిస్తుంది. బయల్దేరే ముందు చెబితే ఏర్పాటులా కనిపిస్తుంది. శనివారం రాత్రే గ్రూపులో రాయండి: "రేపు నా బడ్జెట్ ఇంత, టిఫిన్ దాకా ఉంటాను, భోజనానికి రాను." కారణం చెప్పక్కర్లేదు. లేదా తలా కొంత ముందే ఒకరి చేతిలో వేసి, అందులోంచే రోజంతా ఖర్చు పెట్టమనండి. పైన కావాలన్నవాళ్లు సొంతంగా కట్టుకుంటారు. మీ స్నేహితులు మంచివాళ్లే అయ్యుంటారు, చాలామందికి ఎదుటివాడి జేబు సంగతి తట్టదంతే. చెప్పాక కూడా తట్టకపోతే, ఆ ఆదివారాలు మీకు ఖరీదైనవే.

ప్రశ్న: పెళ్లయి ఏడేళ్లు. స్కూల్ రోజుల తర్వాత సైకిల్ ముట్టలేదు. పాత స్నేహితురాళ్లు రమ్మంటున్నారు. మా అత్తయ్య "పిల్లల తల్లివి, పొద్దున్నే రోడ్డు మీద సైకిలేంటి?" అంటున్నారు. మావారు ఏమీ అనరు.
- గృహిణి, ఎస్.ఆర్.నగర్

జవాబు: మీవారు ఏమీ అనకపోవడమే ఇక్కడ అసలు సమస్య. ఆదివారం పొద్దున ఆ రెండు గంటలు పిల్లల పాలు, టిఫిను తనే చూసుకుంటానని ఆయన వాళ్లమ్మతో ఒక్క మాట అంటే సగం అభ్యంతరం తీరిపోతుంది. ఆ మాట ఆయన్నే అనమనండి. మిగతా సగం అత్తయ్యగారి భయం. దాన్ని కొట్టిపారేయకండి. ఎవరెవరితో వెళ్తున్నారో, ఏ దారో, ఎన్నింటికి వస్తారో చెప్పండి, ఫోన్‌లో లొకేషన్ పంపండి. ఆపదలో 112 ఉంది. 2014 నుంచి నగరంలో మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ కూడా పనిచేస్తున్నాయి.

పిల్లల తల్లులు సైకిలెక్కడం వింతేమీ కాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. కూలి పనికీ, నీళ్లకీ, బజారుకీ మగవాళ్ల కోసం ఎదురుచూడటం మానేశారు.

మొదటి రెండు వారాలు కాలనీ లోపలి వీధుల్లోనే తొక్కండి, చేయి కుదురుకుంటుంది. చున్నీ తీసి ఇంట్లో పెట్టండి, లేదా నడుముకు గట్టిగా కట్టండి. చక్రంలో చిక్కుకుంటే క్షణంలో పడేస్తుంది. వదులు ప్యాంటైతే చైను వైపు చీలమండ దగ్గర రబ్బరు బ్యాండ్ వేసుకోండి.

ప్రశ్న: వయసు 54. షుగర్ ఉంది, మోకాళ్లు కొద్దిగా నొప్పి. కాలేజీ మిత్రబృందం మళ్లీ కలిసి సైకిల్ తొక్కుదామంటోంది. నేను సరిపోతానా?
- బ్యాంకు ఉద్యోగి, బేగంపేట

జవాబు: ముందు మీ డాక్టర్ని అడగండి. ఆయన సరేనంటే సైకిల్ మోకాళ్లకు పరుగు కంటే సుఖమే, శరీర బరువు సీటు మోస్తుంది కాబట్టి. సీటు ఎత్తే కీలకం. పెడల్ కిందికి వచ్చినప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాపుకోవాలి. సీటు మరీ కిందికుంటే మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది. తేలిక గేరులో చకచకా తిప్పండి, బరువు గేరులో మోకాలితో కుస్తీ పట్టకండి.

ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి తొక్కుతుండగా షుగర్ పడిపోవచ్చు. వణుకు, చెమట, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆగి గ్లూకోజో, చక్కెరో నోట్లో వేసుకోవాలి. జేబులో అవి ఉన్నాయనీ, మీకు షుగర్ ఉందనీ పక్కవాళ్లకు ముందే చెప్పండి.

ప్రశ్న: ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ ఉండగా మీరంతా నెక్లెస్ రోడ్డే ఎందుకంటారు?
- ఐటీ ఉద్యోగి, పంజాగుట్ట

జవాబు: ట్రాక్ మంచిదే. 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా రెండు ముక్కలు కలిపి అప్పట్లో 23 కిలోమీటర్లు. పైన సోలార్ పలకల నీడ, కార్ల బెడద లేదు. అమీర్‌పేట నుంచి బ్లూ లైన్‌లో రాయదుర్గం దిగి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లొచ్చు. కొత్తగా నేర్చుకునేవారికీ, దూరం లెక్కపెట్టుకునేవారికీ అదే సరైన చోటు. కానీ తొక్కడం, తినడం, కబుర్లు ఒకదాని వెంట ఒకటి నడవాలంటే చెరువు చుట్టే మేలు. ఆ చుట్టు అయ్యేసరికి మీ పేట టిఫిన్ బండ్లు మహా అయితే అరగంట దూరంలో ఉంటాయి.

చివరగా కారు నడిపే పాఠకులకు ఒక విన్నపం. ఆదివారం పొద్దున ముందు సైకిళ్ల గుంపు కనిపిస్తే వెనక నుంచి హారన్ కొట్టకండి, బెదిరి అటూ ఇటూ తిప్పితే ప్రమాదం. పక్క లేన్‌లోకి మారి, ఎడం ఉంచి దాటండి. రోడ్డు పక్కన ఆపినప్పుడు అద్దంలో వెనక్కి చూశాకే డోరు తీయండి.