విద్యుత్ సైకిలు కంట్రోలరు: మార్చుట, కాపాడుకొనుట

2025 జనవరిలో కుప్పము నియోజకవర్గమునందలి నడిమూరు గ్రామమున ఇంటికప్పులపై సౌరవిద్యుత్తును పుట్టించు పథకము ప్రయోగాత్మకముగా ప్రారంభింపబడినది. ఇంటిమీదనే కరెంటు పుట్టు కాలమున ఆ కరెంటుతో నడచు సైకిలుపై గ్రామీణులకు మక్కువ కలుగుట సహజము. పాలకేంద్రమునకు, తోటకు, బడికి పోవుటకు అది చక్కని సాధనము. అయితే బండి ఊరికి వచ్చినంత సులభముగా దానిని బాగుచేయు విద్య ఊరికి రాలేదు. అరచేతిలో పట్టు ఒక చిన్న డబ్బా కాలిపోయిన కారణమున, మంచి బండి నెలల తరబడి గోడకు ఆనుకొని నిలిచియుండును. ఆ డబ్బాయే కంట్రోలరు.

ఇది మెకానిక్కు పని గదా, మాకేల యని పంచాయతీ సభ్యులు తలపవచ్చును. పంచాయతీ బండి చెడినప్పుడు బిల్లుపై సంతకము చేయువారు మీరే. కంట్రోలరు తనంత తాను కాలుట అరుదు. దానిని కాల్చిన కారణము వేరొకచోట నుండును. ఆ కారణమును వెదకక క్రొత్తది బిగించినచో అదియు కాలును. అప్పుడు రెండవ బిల్లు వచ్చును.

చక్రపు నడుమ నుండు హబ్ మోటారుకు మూడు లావు తీగలు కలవు. బ్యాటరీనుండి వచ్చు కరెంటును కంట్రోలరు ఈ మూడింటికి వరుస తప్పక పంచుచుండును. ఇందులకు దానియందు మాస్ఫెట్లు అను ఎలక్ట్రానిక్ స్విచ్చులు సామాన్యముగా ఆరు పనిచేయును. చక్రము ఏ స్థితిలో నున్నదో మోటారులోని మూడు హాల్ సెన్సారులు సన్నని తీగలద్వారా తెలుపుచుండును. చక్రము మెల్లగా తిరుగుచు బరువు లాగునపుడు మోటారు ఎక్కువ కరెంటు త్రాగును, మాస్ఫెట్లు వేడెక్కును. మదనపల్లె సీమలో మిట్టపల్లములు లేని దారి ఏది? కావున బయలుదేరునపుడును, మిట్ట ఎక్కునపుడును పెడలు త్రొక్కి మోటారుకు సాయపడవలెను. బండిపై రెండు మూటలు వేసి, కాళ్లు కదపక మిట్ట ఎక్కించు మొనగాండ్రను మేమును చూచినాము!

చెడినది కంట్రోలరా, మోటారా యని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. బ్యాటరీని విడదీసి చక్రమును చేతితో వెనుకకు త్రిప్పుడు. ఎవరో పట్టి ఆపినట్లు కుదుపులతో తిరిగినచో, మోటారునుండి వచ్చు మూడు లావు తీగలను కంట్రోలరునుండి ఊడదీసి, వాని కొనలు ఒకదానినొకటి తాకకుండ ఉంచి, మరల త్రిప్పుడు. ఇప్పుడు తేలికగా తిరిగినచో మాస్ఫెట్టు కాలినదని గ్రహింపవలెను. ఇంకను పట్టుచున్నచో దోషము మోటారులోనో, దాని తీగలలోనో ఉన్నది. క్రొత్త కంట్రోలరు కొనుట వృథా.

పిమ్మట కారణమును వెదకవలెను. మొదట చూడవలసినది ఇరుసు. నట్టు వదులైనచో మోటారు బలమునకు ఇరుసే తిరిగి, దానిగుండా వచ్చు తీగలను మెలిపెట్టి తెంపును. తీగలు ఒకదానితోనొకటి తగిలిన క్షణముననే కంట్రోలరు కాలవచ్చును. నట్టు బిగింపును, ఇరుసు తిరుగకుండ పట్టు లోహపు పట్టీని పరిశీలింపుడు. కరగిన కనెక్టరు, డబ్బాలో నీటి మరక, తుప్పు కనిపించినచో అవియు సాక్ష్యములే.

క్రొత్తది కొనునపుడు వోల్టులు కలియవలెను. 36 వోల్టుల లిథియం బ్యాటరీ నిండుగా 42 వోల్టులు, 48 వోల్టులది సామాన్యముగా 54.6 వోల్టులు ఉండును. 36 వోల్టుల కంట్రోలరుకు 48 వోల్టుల బ్యాటరీ తగిలించిన దానిలోని కెపాసిటరు పగులవచ్చును. ఆంపియర్లు పాత డబ్బాపై వ్రాసినంతయే ఉండవలెను. ఎక్కువ ఆంపియర్లది బిగించిన వేగము పెరుగునని దుకాణములలో చెప్పువారు కలరు. దాని వలన మోటారు, బ్యాటరీ వేడెక్కును. అంతేగాక, మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోపుగా నున్న బండికే రిజిస్ట్రేషను మినహాయింపు. ఆ హద్దు దాటిన బండి చట్టము దృష్టిలో మోటారు వాహనమగును.

పాత తీగలను ఊడదీయుటకు ముందు ఫోటో తీసికొనవలెను. బ్యాటరీ విడదీసిన తరువాత స్విచ్చును కొద్దిసేపు నొక్కి ఉంచినచో కెపాసిటరులో మిగిలిన విద్యుత్తు చాలవరకు పోవును. ఒకే రంగు తీగలను కలిపినంత మాత్రమున చాలదు. కంపెనీ కంపెనీకి వరుస మారును. మోటారు వణకినను, మూలిగినను వెంటనే ఆపి వరుస మార్చవలెను. చక్రమును నేలనుండి పైకెత్తి, మెల్లగా తిప్పి చూచిన పిదపనే బండి ఎక్కవలెను. బ్రేకు నొక్కినంతనే మోటారు ఆగుచున్నదో లేదో అప్పుడే చూడవలెను.

ఈ ప్రాంతమున అక్టోబరు, నవంబరు నెలలలోను వానలు కురియును. తీగలు డబ్బాలో ప్రవేశించు ముఖము క్రిందివైపున ఉండవలెను. ప్రతి తీగను ప్రవేశమునకు ముందు కొంచెము క్రిందికి వ్రేలాడదీసినచో నీరు ఆ వంపువద్దనే జారిపోవును. డబ్బాను గుడ్డలతో చుట్టరాదు. గాలి తగులక వేడి నిలుచును. పంపునీటి ధారతో బండి కడుగరాదు, తడిగుడ్డతో తుడువవలెను. ఫ్యూజు పోయినపుడు రాగితీగ చుట్టుట మన ఊళ్లలో పాత అలవాటు. ఇక్కడ అది నిప్పుకు దారి. అదే ఆంపియర్ల ఫ్యూజును, నేరు కరెంటుకు తగినదానిని వేయవలెను.

పంచాయతీ బండియైనచో వోల్టులు, ఆంపియర్లు, కంట్రోలరు మార్చిన తేదీ, అది కాలుటకు కనుగొన్న కారణము రిజిష్టరులో వ్రాయించుడు. రెండవ బిల్లు వచ్చిననాడు మొదట తెరువవలసినది ఆ పుటయే.