పుస్తకం మూసి చదువు

విద్యానగర్, హైదరాబాద్

బిడ్డా,

మొదటి సెమిస్టర్ మార్కులు చూసుకున్న దగ్గర్నుంచి నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదని తమ్ముడు చెప్పాడు. ఫోన్‌లోనే మాట్లాడొచ్చు కానీ ఈ సంగతులు నువ్వు మళ్లీ మళ్లీ చూసుకోవాల్సినవి. అందుకే కాయితం మీద పెడుతున్నాను.

నువ్వు కష్టపడలేదని నేననుకోను. దసరా సెలవులకు ముందు నీ హాస్టల్‌కి వచ్చినప్పుడు ఆర్గానిక్ కెమిస్ట్రీ నోట్సు చూశాను కదా. సీనియర్ల దగ్గర తీయించిన జిరాక్సులు. ప్రతి పేజీలో సగం పైగా పసుపు హైలైటర్. ఎస్ఎన్1 రియాక్షన్ ఉన్న పేజీ తిప్పీ తిప్పీ మూలలు మెత్తబడి ఉంది. ఆ పేజీ మూసి, ఇందులో ముందు తెగే బంధం ఏదని అడిగితే ఆగిపోయావు. తెరిచి చూపించగానే ‘ఇది నాకు తెలుసత్తమ్మా’ అన్నావు. నీ మార్కులు అక్కడే పోయాయి. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. నువ్వు మూడు నెలలు సాధన చేసింది మొదటిది, పరీక్ష హాల్లో అడిగింది రెండోది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లల మీదే దీన్ని పరీక్షించి చూశారు. ఒక జట్టు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాలాగి అడిగితే చదివినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చదివినవాళ్లకు మిగిలింది 40, రాసినవాళ్లకు 61. నన్ను కలవరపెట్టిన సంగతి ఇంకోటుంది. వారం తర్వాత కూడా బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగు విడతలు చదివినవాళ్లే! పరీక్ష ముందు రాత్రి పేజీలు తిప్పేటప్పుడు ‘అంతా వచ్చేసింది’ అనిపిస్తుంది చూడు, ఆ ధీమాను నమ్మకు. మీ తాతయ్య ఎక్కం అప్పజెప్పించుకోకుండా మమ్మల్ని లేవనిచ్చేవాడు కాదు. ఇంట్లో అందరికీ తెలిసిన ఆ పద్ధతిని కాలేజీకి వచ్చాక ఎందుకు వదిలేస్తామో నాకు అర్థం కాదు.

ఇక నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. క్లాసులో చెప్పింది సాయంత్రం ఒక్కసారి శ్రద్ధగా చదువు. పుస్తకం మూసెయ్. తెల్లకాయితం తీసి ఎస్ఎన్1 మెకానిజం మొదట్నుంచి వెయ్యి. లీవింగ్ గ్రూపు వెళ్లిపోయి కార్బోకాటయాన్ ఏర్పడుతుంది, అది టెర్షియరీ అయితే రియాక్షన్ ఎందుకు త్వరగా జరుగుతుంది? న్యూక్లియోఫైల్ రెండు వైపుల నుంచీ రాగలదు కాబట్టి రెసిమైజేషన్ అంటాం, మరి ఎస్ఎన్2లో ఇన్వర్షన్ ఎందుకొస్తుంది? నువ్వు వేసిన బాణం ఎలక్ట్రాన్ జంట దగ్గర మొదలైందా? చెయ్యి ఆగిన చోట ఖాళీ వదిలి ముందుకు పో. అంతా అయ్యాక పుస్తకం తెరిచి ఖాళీలూ తప్పులూ ఎర్రపెన్నుతో నింపు. మర్నాడు చదవాల్సింది ఆ ఎర్రసిరా భాగమే. మిగతాది నీకు వచ్చు, దాని మీద పొద్దు గడపకు. రెండు రోజులాగి అదే మళ్లీ రాయి, వారం తర్వాత ఇంకోసారి. మొదట్లో చాలా విసుగ్గా ఉంటుంది. చదివినప్పుడు కలిగే హాయి ఇందులో ఉండదు, మనకు రానిదంతా కళ్లముందే కనబడుతుంది కాబట్టి. అయినా వదిలిపెట్టకు బిడ్డా.

లైబ్రరీలో సీటు దొరకడం లేదన్నావు. నిజమే, ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లతో అది పొద్దున్నే నిండిపోతుంది. కానీ దీనికి లైబ్రరీ అక్కర్లేదు. హాస్టల్ మెట్ల మీద కూర్చునైనా చెయ్యొచ్చు. నీ రూమ్మేట్ చేతికి నోట్సిచ్చి ప్రశ్నలడగమను, తర్వాత నువ్వు ఆమెను అడుగు.

తెలుగు మీడియం నుంచి రావడం వల్లే ఇలా అయిందని నాన్నతో అన్నావట. ఆ కష్టం చిన్నదని అనను. అయితే నువ్వు చదువుతున్న చోటు గురించి ఒక మాట తెలుసుకో. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది. పాఠ్యపుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి అంతకు ముందే ఒక అనువాద శాఖనే పెట్టారు. ఇంటి భాష తెలుగైన పిల్లలు కూడా ఆ ఉర్దూలోనే చదివి ఇక్కడ డిగ్రీలు తీసుకున్నారు. సి. నారాయణ రెడ్డి గారు డిగ్రీ దాకా చదివింది ఉర్దూలోనే. ఆ తర్వాత తెలుగు ఎం.ఏ. చేసి ఇదే యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్ అయ్యారు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దాటడం ఈ క్యాంపస్‌లో నీతో మొదలైంది కాదు. కాబట్టి పుస్తకం మూశాక ముందు తెలుగులోనే చెప్పుకో. విషయం తెలుగులో సాఫీగా వచ్చిందంటే నీకు అర్థమైనట్టే. అప్పుడు చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయి. అర్థం కాని పెద్ద వాక్యాన్ని బట్టీ పడితే ఒక్క మాట జారినా మిగతాదంతా పోతుంది. నేను దిద్దిన పేపర్లలో ఇలా సగంలో తెగిపోయిన జవాబులు లెక్కలేనన్ని.

రాత్రి నిద్ర మానుకోవద్దు. చదివింది మెదడులో బాగా కుదురుకోవడానికి నిద్ర కావాలి.

ఆదివారం రా. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే జామియా ఉస్మానియా తర్వాత మన విద్యానగరే. భోజనం ఇక్కడే. స్టీరియోకెమిస్ట్రీ మొదటి యూనిట్ నాకు అప్పజెప్పాలి, తెలుగులో చెప్పినా సరే. ఈ వారం రాసిన కాయితాలు, తప్పులెన్నున్నా చింపకుండా వెంట తెచ్చుకో.

నీ మేనత్త